వంటగట్టు పోసే ముందు ఒక్క మాట: మా జిల్లాల బేల్దారి మేస్త్రీలకు బహిరంగ లేఖ

ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ఇళ్లు కడుతున్న బేల్దారి మేస్త్రీలకు, టైల్స్ మేస్త్రీలకు, ప్లంబర్లకు, వడ్రంగులకు, వీళ్లందరి చేత పని చేయించే కాంట్రాక్టర్లకు నమస్కారం.

నేను ఒంగోలులో ఉంటాను. నాకు కీళ్లవాతం ఉంది. డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు. పిల్లలు బడికి పోయే వయసులో ఉండగానే వచ్చింది. మా అత్తమ్మకు మోకాళ్లు అరిగిపోయాయి. ఆమెకు కూర్చుంటే లేవడం కష్టం, నాకు వేళ్లు ముడవడం కష్టం. ఇంట్లో మేమిద్దరం రోజంతా తిరిగేది వంటింట్లో, బాత్రూములో, గుమ్మం దగ్గర, మెట్ల మీద. అక్కడ ఏది ఎంత ఎత్తులో ఉండాలో, ఏది నున్నగా ఉండాలో, ఏది తిప్పాలో, ఏది లాగాలో అన్నీ ఇల్లు కట్టిన రోజుల్లోనే తేలిపోయాయి. తేల్చింది మీలాంటి మేస్త్రీలే.

ఈ ఉత్తరం డాక్టర్లకు కదా రాయాల్సింది అని మీకు అనిపించవచ్చు. డాక్టర్లు వాళ్ల పని చేస్తున్నారు. రుమటాయిడ్ అయితే ఎంత తొందరగా మందులు మొదలుపెడితే కీళ్లు అంతగా మిగులుతాయి. మెడికల్ షాపులో ఏదో ఒక నొప్పి బిళ్ల కొనుక్కుని ఏళ్లు నెట్టుకొస్తే కీలు వంకర తిరిగాక మందులతో సరికాదు. ఇది మీ ఇళ్లలో ఆడవాళ్లకు కూడా చెప్పండి. కానీ ఎంత మంచి మందు వాడుతున్నా, పొద్దున లేచాక కుళాయి తిప్పాలి, గడియ తీయాలి, గిన్నె దించాలి, మెట్టు దిగాలి. ఆ పనులు తేలికవుతాయా, నరకమవుతాయా అన్నది మీ చేతుల్లో ఉంది. అందుకే మీకు రాస్తున్నాను.

ఇది నలుగురైదుగురి బాధ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2019లో ప్రపంచంలో 52 కోట్ల 80 లక్షల మందికి కీళ్ల అరుగుదల ఉంది. అందులో 36 కోట్ల 50 లక్షల మందికి మోకాళ్లలోనే. నూటికి అరవై మంది ఆడవాళ్లు. నాకున్న రుమటాయిడ్ అయితే 1 కోటి 80 లక్షల మందికి ఉంది, నూటికి డెబ్భై మంది ఆడవాళ్లే. మన ఇళ్లలో నీళ్లు పట్టేది, అంట్లు తోమేది, బట్టలు పిండేది, ఇల్లు తుడిచేది కూడా ఎక్కువగా వాళ్లే. మీరు కట్టే ఏ నాలుగిళ్లు తీసుకున్నా మోకాలు పట్టుకుని లేచే అత్తగారో, వేళ్లు వాచిన కోడలో కనబడుతుంది. ఈ రోజు లేకపోతే, మీరు పోసిన స్లాబు పాతబడేలోపు తయారవుతుంది.

ముందు కుళాయి సంగతి. రుమటాయిడ్ ఉన్నవాళ్లకు పొద్దున లేవగానే కీళ్లు బిగుసుకుపోయి ఉంటాయి, గంటకు పైగా అలాగే ఉండొచ్చు. గుండ్రటి తల ఉన్న కుళాయి తిప్పాలంటే ఐదు వేళ్లూ దాని చుట్టూ బిగించాలి, బిగించి మణికట్టు మెలిపెట్టాలి. ఆ పట్టు నా వేళ్లకు లేదు. అరచేతిని దాని మీద అదిమిపెట్టి భుజం దగ్గర నుంచి చేయంతా తిప్పుతాను. రాత్రి ఎవరైనా బొట్టు కారకుండా గట్టిగా కట్టేసి ఉంటే అదీ తిరగదు. తువ్వాలు చుట్టి రెండు చేతులతో మెలిపెట్టాలి, బొటనవేలి మొదట్లో సూది దించినట్టు పొడుస్తుంది. అప్పుడు ఇంట్లో ఎవరినైనా లేపి, ముఖం కడుక్కోవడానికి కుళాయి తిప్పమని అడగాలి. అలా అడగాల్సి రావడం మనిషిని ఎంత చిన్నబుచ్చుతుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

అదే పొడుగు పిడి ఉన్న కుళాయి, పావు చుట్టు తిరిగితే నీళ్లొచ్చేది పెట్టారనుకోండి, వేళ్లతో పని లేదు. చేతి వెనకభాగంతో తోసినా తెరుచుకుంటుంది, మోచేత్తో తోసినా కట్టుకుంటుంది. ఎందుకో నాకంటే మీకే బాగా తెలుసు: గడ్డపార పొడుగుంటే రాయి తేలిగ్గా లేస్తుంది. మేం ఇంటికి పిడి కుళాయిలు మార్పించుకున్న తర్వాత నేను పొద్దున్నే ఎవరినీ లేపలేదు. ఖర్చు కాస్త ఎక్కువ, నిజమే. ఇల్లంతా మార్చలేకపోతే బాత్రూములో ఒకటి, వంటింటి సింకు దగ్గర ఒకటి చాలు. తలుపులకు కూడా ఇదే లెక్క. గుండ్రటి నాబ్ వద్దు, కిందికి నొక్కే పిడి పెట్టండి. అల్మరాలకు వేలి కొసలతో పట్టుకునే బుడిపెలు కాకుండా, నాలుగు వేళ్లూ దూరే కమ్మీ పిడులు బిగించండి.

గడియల గురించి వడ్రంగి మేస్త్రీలకు ప్రత్యేకంగా చెప్పాలి. తలుపు పైన తలకంటే ఎత్తులో ఒక గడియ, కింద పాదాల దగ్గర ఒక గడియ పెడతారు. పైదానికి భుజం లేవదు, కిందిదానికి నడుం వంగదు. రోజూ వాడే గడియ ఛాతీ ఎత్తులో ఒకటి ఉంటే మిగతావి ఎక్కడున్నా ఫర్వాలేదు. మన దగ్గర అసలు వానలు కార్తీక మాసంలోనే కదా, ఆ ముసురుకు చెక్క ఉబ్బి తలుపు పట్టేస్తుంది, గడియ చిల్లులో దిగదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఒక్క తన్ను తంతారు. మేం తన్నలేం. తలుపు బిగించేటప్పుడే ఆ ఉబ్బుకు సందు వదలండి, గడియ దిగే చిల్లు కొంచెం పెద్దది చేయండి.

ఇక నేల. మన చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ అంటే ప్రపంచమంతా పేరు. నల్లరాతిలో బంగారు చుక్కలు, అద్దంలా మెరుగు. ఇంత దగ్గర్లో దొరుకుతుంటే ఇంటి ముందు మెట్లకు వేయించుకోవాలని ఎవరికైనా ఉంటుంది. కానీ పాలిష్ చేసిన రాతిమీద నాలుగు చుక్కలు నీళ్లు పడితే, మోకాలు సరిగ్గా నిలవని మనిషి అక్కడ అడుగు వేయలేదు. గుమ్మం ముందు పొద్దున్నే నీళ్లు చల్లి కడిగే అలవాటు మనది, అది పోదు, పోవాలని నేను కోరను. అదే రాయిని మెరుగు లేకుండా గరుకుగా తీయొచ్చు. గ్రానైట్ షాపుల్లో లెదర్ ఫినిష్ అని, ఫ్లేమ్ ఫినిష్ అని అడిగితే ఇస్తారు. పాలిష్ రాయే కావాలని ఓనరు పట్టుబడితే, మెట్టు అంచుకు దగ్గరగా మూడు గాడులయినా కొట్టించండి. నల్లరాతి మెట్ల మీద సాయంత్రం చీకట్లో అంచు ఎక్కడుందో కళ్లకు ఆనదు. అంచుకు వేరే రంగు పట్టీ వేస్తే అత్తమ్మలాంటివాళ్లు కాలు చూసుకుని దిగుతారు. బాత్రూము నేలకైతే మెరుపు టైల్స్ అసలే వద్దు. గరుకుగా ఉంటే మురికి పడుతుంది, తోమాల్సి వస్తుంది అంటారు. తోమొచ్చు. తుంటి విరిగితే ఏమీ చేయలేం.

పాలిష్ గ్రానైట్‌కు సరైన చోటు వంటగట్టు. అది ఎందుకో తర్వాత చెబుతాను.

మెట్ల విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అత్తమ్మ ఇల్లు కదలకపోవడానికి కారణం అదే. మన ఊళ్లలో ప్రతిసారీ రోడ్డు వేసినప్పుడల్లా ఎత్తు పెరుగుతుంది. తుపాను నీళ్లు ఇంట్లోకి రాకూడదు. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరులో, కోవూరు వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు అందరం చూశాం. కాబట్టి బేస్‌మెంట్ ఎత్తు లేపడం తప్పు కాదు. కానీ అంత ఎత్తుకు చేర్చే మెట్లను గేటుకీ గుమ్మానికీ మధ్య ఉన్న కాస్త జాగాలో ఇరికిస్తారు. మెట్టు నిలువుగా, అడుగు పెట్టే చోటు ఇరుకుగా తయారవుతుంది. మోకాలు అరిగినవాళ్లకు ఎక్కడం కంటే దిగడం కష్టం. మెట్టు దిగేటప్పుడు మోకాలి మీద శరీర బరువుకు మూడింతలు దాటిన భారం పడుతుంది. మెట్టు ఎత్తు ఒక అంగుళం తగ్గినా ఆ కాలికి తెలుస్తుంది.

భవనాలు అందరికీ అనువుగా ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మెట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఆరంగుళాలు మించవద్దని, అడుగు పెట్టే వెడల్పు 300 మిల్లీమీటర్లు, అంటే ఒక అడుగు ఉండాలని ఉంది. ర్యాంపు అయితే ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడుగు కావాలి. సొంత ఇంటి ముందు అంత పొడుగు ర్యాంపుకు స్థలం దొరకదు, నాకు తెలుసు. స్థలం లేక నిటారుగా కట్టే ర్యాంపు బండి ఎక్కించడానికే, మనిషికి మెట్టు కంటే ప్రమాదం. మెట్లను గేటుకు ఎదురుగా కాకుండా గోడ వెంబడి పక్కకు తిప్పితే ఇంకో రెండు మెట్లకు చోటు దొరుకుతుంది, ఒక్కోటి పొట్టిదవుతుంది. రెండువైపులా పట్టుకోవడానికి పైపు ఉండాలి. ఒకవైపే పెడితే ఎక్కేటప్పుడు ఆసరా ఉన్న చేయి దిగేటప్పుడు ఖాళీ అవుతుంది. నొప్పి ఏ మోకాలిలో ఉంటే ఆ వైపు చేతికి, దానికి ఎదురు చేతికి, రెంటికీ పని ఉంటుంది. పైపు ఆఖరి మెట్టు దగ్గరే ఆగిపోకుండా ఒక అడుగు ముందుకు సాగాలి, నేల మీద రెండు కాళ్లూ ఆనేవరకు చేయి వదలకుండా ఉండాలి.

ఇంకొకటి. అన్ని మెట్లూ ఒకే ఎత్తులో ఉండాలి. ఇది మీకు చెప్పేంతదాన్ని కాదు, కానీ చాలా ఇళ్లలో మొదటిదో ఆఖరిదో తేడాగా ఉంటుంది. ముందు మెట్లు పోస్తారు, తర్వాత లోపల టైల్స్ వేస్తారు, బయట రాళ్లు పరుస్తారు, వాటి మందం వచ్చి చేరేసరికి ఒక మెట్టు అంగుళంన్నర పెరుగుతుంది, ఇంకోటి తగ్గుతుంది. కాలు ఒక లెక్కకు అలవాటు పడి దిగుతుంది, ఆ ఒక్క మెట్టు దగ్గర తడబడుతుంది. పోసే రోజే పైన పడబోయే మందాన్ని కలుపుకుని లెక్క కట్టండి.

బాత్రూముల్లో నేను కోరేవి ఎక్కువ, కానీ దేనికీ పెద్ద ఖర్చు లేదు. తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టండి. మన బాత్రూములు చిన్నవి. లోపల మనిషి జారి పడితే ఆ మనిషే తలుపుకు అడ్డం పడుతుంది, లోపలికి తెరుచుకునే తలుపును తోయలేం, పగలగొట్టాలి. నీళ్లు గదిలోకి రాకుండా గుమ్మంలో కట్టే ఎత్తు గట్టు బదులు నహానీ ట్రాప్ (నేలలో నీళ్లు పోయే జాలీ) వైపు సరైన వాటం, అంటే వాలు ఇస్తే నీళ్లు అటే పోతాయి. వాటం ఇవ్వడం చేతకాని మేస్త్రి ఎవరూ ఉండరు, తొందరలో వదిలేస్తారు అంతే. కమోడ్ ఎత్తు మామూలుగా 15, 16 అంగుళాలు ఉంటుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు 18 అంగుళాల దాకా ఉంటే లేవడం తేలిక. ఎత్తు కమోడ్ దొరకకపోతే కింద దిమ్మె కట్టి దాని మీద బిగించొచ్చు, కానీ దిమ్మె కమోడ్ పాదం మేరకే ఉండాలి, మనిషి కాళ్లు నేలమీదే ఆనాలి. స్నానానికి కింద పీట వేసుకుని కూర్చునే రోజులు మాకు పోయాయి. గోడ పక్కన ఒకటిన్నర అడుగు ఎత్తులో కూర్చునే గట్టు, దాని ఎదురుగా బకెట్ పెట్టుకోవడానికి అంతే ఎత్తున ఒక చిన్న దిమ్మె కట్టిపెడితే చెంబుతో నీళ్లు ముంచుకోవడానికి నడుం వంచక్కర్లేదు.

పట్టుకునే కడ్డీల గురించి మాత్రం గట్టిగా చెబుతాను. తువ్వాలు వేసుకునే రాడ్డు పట్టుకునే కడ్డీ కాదు. దానికి పెట్టే చిన్న స్క్రూలు మనిషి బరువుకు ఊడి వస్తాయి, ఆసరా అనుకున్నదే కింద పడేస్తుంది. నిలువెత్తు మనిషి వేలాడినా కదలని స్టీలు కడ్డీ, యాంకర్ బోల్టులతో బిగించాలి. తేలికపాటి బ్లాకుల గోడ అయితే బోల్టు పడే చోట ముందే కాంక్రీటు నింపి ఉంచాలి. ఇది గోడ కట్టేటప్పుడు చేస్తే ఒక తట్ట మాలు, తర్వాత చేస్తే టైల్స్ పగలగొట్టాలి. ఇప్పుడు కడ్డీ అక్కర్లేదని ఓనరు అన్నా సరే, ఆ కాంక్రీటు మాత్రం పోసి ఉంచండి. ఏ ఎత్తులో బిగించాలి అంటే, పుస్తకంలో కొలత కంటే ఆ ఇంటి మనిషే మేలు. ఆమెను కమోడ్ మీద కూర్చోబెట్టండి, లేవబోతే చేయి తనంతట తాను ఎక్కడికి పోతుందో చూడండి, అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి.

వంటగట్టుకు కూడా ఇదే చేయమని నా విన్నపం. మీరు అన్ని ఇళ్లలోనూ అలవాటైన ఒకే ఎత్తులో పోసేస్తారు. వంట చేసే మనిషి ఐదడుగులు ఉండొచ్చు, ఐదున్నర ఉండొచ్చు. ఆమెను చెప్పులు లేకుండా నిలబెట్టి, మోచేయి మడవమనండి. మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందికి ఉంటే ఆమెకు సరిపోయే గట్టు. అంతకంటే ఎత్తయితే భుజాలు పట్టేస్తాయి, తక్కువైతే నడుం విరుగుతుంది. సెంట్రింగ్ కొట్టే ముందు ఒక్క నిమిషం పని. చాలా ఇళ్లలో ఓనరుతో, అంటే మగవాళ్లతో మాట్లాడి కొలతలు తీసుకుంటారు. గట్టు దగ్గర జీవితమంతా నిలబడేది ఆయన కాదు. ఆమెను పిలిపించి అడగండి.

గట్టు కింద అంతా అరలు కట్టేయకుండా రెండడుగుల ఖాళీ వదిలిపెట్టండి. అక్కడ స్టూలు వేసుకుని, మోకాళ్లు లోపలికి పెట్టి కూర్చుని కూరగాయలు తరుక్కోవచ్చు. కత్తిపీట ముందు నేలమీద కూర్చోలేక వంట మానేసిన ఆడవాళ్లు నాకు తెలుసు. వాళ్లకు వంట రాక కాదు, కూర్చోవడం రాక.

ఇప్పుడు పాలిష్ గ్రానైట్ సంగతి. కీళ్ల నొప్పి ఉన్నవాళ్లకు బరువు ఎత్తడం కంటే జరపడం తేలిక. పొయ్యి, గట్టు, సింకు ఒకే వరసలో, మధ్యలో గట్టు తెగకుండా, అంచు లేవకుండా ఉంటే అన్నం గిన్నెను పొయ్యి మీద నుంచి దించి నున్నటి రాతిమీద జరుపుకుంటూ సింకు దాకా తీసుకుపోయి గంజి వార్చొచ్చు. పొయ్యి ఒక గోడకు, సింకు ఎదురు గోడకు పెడితే మరిగే గిన్నెను పట్టుకుని మధ్యలో తిరగాలి. వేళ్లలో పట్టు లేనివాళ్లకు అది భయం. మాది దోశల జిల్లా. పిండి రుబ్బని ఇల్లు లేదు. గ్రైండర్‌ను నేలమీద పెట్టుకునేలా కింద ప్లగ్ ఇస్తారు, దాంతో వంగి రాతిగుండు ఎత్తాలి, వంగి పిండి తీయాలి. గట్టు చివర గ్రైండర్‌కు చోటు, అక్కడే ప్లగ్ ఇవ్వండి. వంపే రకం గ్రైండర్ కొనుక్కుంటే పక్కకు ఒంచి పిండిని నేరుగా గిన్నెలోకి జార్చుకోవచ్చు. ఇంట్లో మిగతా ప్లగ్గులు కూడా గోడ మొదట్లో పెట్టకండి, నడుం ఎత్తులో ఉంటే వంగకుండా పెట్టుకుంటాం.

నిండు గ్యాస్ సిలిండరు ముప్పై కిలోల దాకా ఉంటుంది. దాన్ని అర తలుపు వెనక మూలకు తోసేలా గట్టు కడితే రోజూ రెగ్యులేటర్ కట్టడానికి నేలకు ఒంగి చేయి లోపలికి చాచాలి. సిలిండరు కింద చక్రాల స్టాండు పట్టేంత వెడల్పు, చేయి సులువుగా ఆనేంత దగ్గర, గాలి ఆడే చోటు చూసి వదలండి. అటక మీదికి మేం ఎక్కం, దయచేసి అటకలు ఇంకా ఎక్కువ కట్టొద్దు. నడుముకూ భుజానికీ మధ్యలో ఒక్క అర ఎక్కువ ఇస్తే పది అటకల పెట్టు.

గడపల గురించి రాస్తే ఎవరైనా నొచ్చుకుంటారేమోనని ఆలోచించాను. సింహద్వారానికి గడప ఉండాల్సిందే, పసుపు రాసి బొట్లు పెట్టుకుంటాం. కానీ లోపల ప్రతి గదికీ, వంటింటికీ, హాలుకూ రెండేసి అంగుళాల కట్టు ఎందుకు? కాలు ఈడ్చి నడిచేవాళ్లకు తగిలేది సింహద్వారం గడప కాదు, దాన్ని చూసుకుని దాటుతారు. రాత్రిపూట నిద్రకళ్లతో బాత్రూముకు పోతూ తగిలేది ఈ లోపలి కట్టు. వాస్తు కోసం ఓనర్లు గోడ రెండంగుళాలు జరపమంటే మీరు మారుమాట లేకుండా జరుపుతారు. అదే ఓపిక మా మోకాళ్ల కోసం కూడా పెట్టమని అడుగుతున్నాను.

ఇవన్నీ చదివి, ఇంత బాధ ఉన్నప్పుడు పని మానేసి కూర్చోవచ్చు కదా అని ఎవరైనా అనవచ్చు. ఇంట్లో వాళ్లు ప్రేమతోనే అంటారు, నువ్వు కూర్చో, మేం చేస్తాం అని. కూర్చుంటే ఇంకా పాడవుతాం. మోకాలికి ఆసరా తొడ కండరం, కదలకపోతే అది కరిగిపోతుంది, అది కరిగితే భారమంతా కీలు మీదే పడుతుంది. బరువు పెరిగితే ఇంకా కష్టం. ఒక కిలో బరువు తగ్గితే అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. మాకు కావాల్సింది పని తప్పించే ఇల్లు కాదు, పని చేయనిచ్చే ఇల్లు. మా అత్తమ్మ చేపల పులుసు ఇప్పటికీ ఆమే పెడుతుంది, స్టూలు మీద కూర్చుని. ఇంకొకరు పెడితే ఆమె నోటికి రుచించదు, మాకూ రుచించదు.

కనిగిరి, పామూరు వైపు మేస్త్రీలకు ఇంకో మాట. మీలో చాలామంది బేల్దారి పనులకు హైదరాబాద్, బెంగళూరు, చెన్నై పోతారు. అక్కడ మీరు కట్టిన అపార్టుమెంట్లలో లిఫ్టులున్నాయి, ర్యాంపులున్నాయి, బాత్రూముల్లో స్టీలు కడ్డీలున్నాయి. అవి బిగించిన చేతులు మీవే. మీ ఊళ్లో మీ అమ్మా నాన్నా ఉండే ఇంట్లో అవి ఉన్నాయా? మీరు పండక్కి వచ్చి పోతారు, మిగతా రోజులన్నీ వాళ్లిద్దరే ఉంటారు. పడితే లేపేవాళ్లు లేరు. ఈసారి సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక్క పూట ఆ ఇంటికి కేటాయించండి. బాత్రూములో ఒక కడ్డీ, మెట్లకు ఒక పైపు, మంచం కోళ్ల కింద దిమ్మెలు. పిడి ఉన్న కుళాయి ఒకటి కొనుక్కొచ్చి మార్చండి.

మీ ప్రాంతంలో నొప్పులకు ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని ముసలితనం కింద కొట్టేయొద్దు. మన దేశంలో, తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలను బిగదీసే ఫ్లోరోసిస్ గురించి 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో తొలిసారి రాసింది అప్పటి నెల్లూరు జిల్లా గురించే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా (తర్వాత ప్రకాశం అయింది) ఏర్పడినప్పుడు కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు నుంచి ఇటు వచ్చాయి, ఆ నీళ్ల కష్టం కూడా వాటితోపాటే వచ్చింది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే గత్యంతరం లేకపోతే 1.5 దాకా. నడివయసులోనే మెడ తిరగకపోవడం, వెన్ను బిగుసుకుపోవడం, కీళ్లు చాపలేకపోవడం ఉంటే బోరు నీళ్లు పరీక్ష చేయించండి, డాక్టరుకు మీ ఊరి పేరు చెప్పండి. ఫ్లోరోసిస్‌తో వంగిన వెన్నుకు కూడా ఎత్తు మంచం, ఎత్తు కమోడ్, చేతికి కడ్డీ ఇవే కావాలి.

ప్రభుత్వ ఇళ్లు కట్టే కాంట్రాక్టర్లకు, వాటిని పంచే అధికారులకు ఒక్క సంగతి గుర్తు చేస్తాను. పట్టణాల్లో పేదలకు ప్రభుత్వం కట్టించిన టిడ్కో బ్లాకులు గ్రౌండ్ ఫ్లోర్ మీద మూడంతస్తులు లేచాయి, వాటికి లిఫ్టులు లేవు. పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన మార్గదర్శకాల్లోనే దివ్యాంగులు, వృద్ధులు ఉన్న కుటుంబాలకు వీలైనంతవరకు గ్రౌండ్ ఫ్లోర్ లేదా కింది అంతస్తు ఇవ్వాలని రాసి ఉంది. లాటరీ తీసే ముందే వాళ్ల పేర్లు వేరు చేయాలి. పై అంతస్తు వచ్చాక ఎవరితో మార్చుకోవాలని తిరగడం మోకాళ్లు సహకరించనివాళ్ల వల్ల అయ్యే పని కాదు.

ఓనర్లు ఒప్పుకోరని మీరంటారు. ముందు వైపు ఎలివేషన్‌కు డబ్బు పెడతారు కానీ పైపుకు పెట్టరని మీ అనుభవం. నిజమే కావచ్చు. కానీ చాలామందికి ఈ సంగతులు తెలియకే అడగరు, చెప్పేవాళ్లు లేక. ఇల్లు కట్టించుకునే మనిషి జీవితంలో ఒక్కసారి కట్టిస్తాడు, మీరు ఏడాదికి ఎన్నో కడతారు. మీ మాటకు విలువ ఎక్కువ. ద్వారబంధం ఎత్తిన రోజున బట్టలు పెట్టి, దండం పెట్టి, మీ మాట వింటారు. ఆ రోజు అడగండి: అమ్మా, ఈ ఇంట్లో మోకాళ్ల నొప్పులు, చేతుల నొప్పులు ఎవరికైనా ఉన్నాయా? ఉన్నాయంటే మెట్టు, గట్టు, బాత్రూము, గడియ ఈ నాలుగింటి దగ్గర ఆమెను నిలబెట్టి కొలత తీసుకోండి. మీ బేల్దారి సంఘాలు కూర్చున్నప్పుడు, బయటికి తెరిచే బాత్రూము తలుపు, కడ్డీ కోసం గోడలో కాంక్రీటు, ఒకే ఎత్తు మెట్లు, ఈ మూడూ ఎవరూ అడగకపోయినా చేయాలని అనుకోండి. వీటికి ఓనరు అనుమతి కూడా అక్కర్లేదు.

ఇంకో మాట మీ కోసమే. నేలమీద గొంతుక్కూర్చుని టైల్స్ పరిచే పని, మోకాళ్ల మీద వంగి చేసే పని, బరువులు మోసే పని ఏళ్ల తరబడి చేసేవాళ్లకు మోకాళ్లు ముందే అరుగుతాయి. ఇది డాక్టర్లు తేల్చిన విషయమే. మోకాలి కింద మందపాటి ప్యాడ్ పెట్టుకుని పని చేయండి, గంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయండి. మీ కొడుక్కి పని నేర్పేటప్పుడు ఇది కూడా నేర్పండి.

ఒంగోలు చుట్టుపక్కల కడుతున్న ఇల్లు ఏదైనా ఉంటే నన్ను పిలవండి. అత్తమ్మను తీసుకుని నేనే వస్తాను. గట్టు ఎత్తు, కుళాయి ఎత్తు, కడ్డీ ఉండాల్సిన చోటు మేమిద్దరం నిలబడి, కూర్చుని చూపిస్తాం. మీరు సుద్దముక్క పట్టుకుని గుర్తు పెట్టుకోండి. కాకపోతే సెంట్రింగ్ కొట్టకముందే పిలవండి.

ఇట్లు,
ఒంగోలు నుంచి
కీళ్లవాతం ఉన్న ఒక గృహిణి